మంగళం తరవాత పావుగంట

మా గోష్ఠిలో మంగళం ఎత్తుకున్నాక ఎవరూ కూర్చుని ఉండరు. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మలు కూడా గోడ పట్టుకుని లేస్తారు. పాడినంతసేపూ చేతులు జోడించి నిలబడతారు. అది అయిపోగానే తీర్థం పుచ్చుకుని తిన్నగా ఇంటికి వెళ్ళిపోతారు. మంగళం తరవాత మళ్ళీ కూర్చుంటే, జరిగిన సేవ చాలలేదని స్వామికి చెప్పినట్టు అవుతుందని మా నాయన అనేవాడు. నాకు ఏడేళ్ళప్పుడు అబ్బిన అలవాటు అది. యాభై దాటాక ఆ అలవాటు నన్ను సినిమా హాల్లో నుంచి బయటికి నడిపించింది. నాతోపాటు ఇంకో పదిమందిని కూడా.

ఆ సినిమా తమిళంలో తీసిన రాజకీయ సస్పెన్సు కథ. మామూలుగా అయితే మా వాళ్ళెవరూ అటువైపు పోరు. అందులో మా గోష్ఠి పెద్ద పాటగాడు నటించాడు కనుక పోయాం. ఆయన్ని నేను మామ అంటాను. రక్తసంబంధం లేదు. మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ళుగా మా భజన మందిరంలో పాటకు వేసే తాళాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. మార్గళి నెల, అంటే ధనుర్మాసం, పొడుగునా తెల్లవారుజామున వీధుల్లో భజన నడిచేటప్పుడు ముందు నడిచేది ఆయనే. వాకిట్లో ముగ్గు వేసి ఎదురుచూసే ఇళ్ళవాళ్ళకు చెంబులోంచి తీర్థం పోసేదీ ఆయనే.

నా పని వేరు. మా వాళ్ళకు తెలుగు నోట్లో ఉంది గాని చేతిలో లేదు. పాటల పుస్తకాలన్నీ తమిళ అక్షరాల్లో రాసుకున్నవే. మా నాయన నాకు తెలుగు అక్షరాలు, దాంతోపాటు శాస్త్రం, పురాణం నేర్పి పోయాడు. అందుకని శనివారం శనివారం పాట అయ్యాక అర్థం చెప్పడం నా వంతు అయింది. నేను చెప్పింది మా గోష్ఠిలో నిలబడుతుంది. ఇది గొప్ప కోసం రాయడం లేదు. తరవాత జరిగినదానికి ఇదే మూలం.

సినిమావాళ్ళు కిందటి ఎండాకాలంలో మా పుదుచ్చేరికి వచ్చారు. వేషం కట్టినవాడు కాకుండా నిజంగా భజన పాడే ముసలాయన కావాలని నటేశన్ నగర్లో మా మందిరం దాకా వెతుక్కుంటూ వచ్చారు. మామ గోష్ఠి పెద్దని అడిగాడు. ఆ పెద్దాయనది విల్లియనూరు, పొలాలున్న కుటుంబం. ఎనభై దగ్గరపడ్డా బస్సెక్కి శనివారం తప్పకుండా వస్తాడు. మేమంతా పెదనాయన అని పిలుస్తాం.

"పాడేది స్వామి పాటే కదా, పో," అన్నాడు పెదనాయన.

మామ మూడు రోజులు పోయి వచ్చాడు. కథేమిటని అందరూ అడిగితే ఒకటే జవాబు. "నాకేం తెలుసు. పాడమన్నారు, పాడినా. నడవమన్నారు, నడిచినా. ఏందీ అంటే, తరవాత తెలుస్తాది తాతా అన్నారు."

సినిమా విడుదలైన రెండోరోజు, శనివారం మ్యాట్నీకి పదకొండుమందిమి పోయాం. ఒక వరస మొత్తం మాదే. మామ మాతో రాలేదు. ముందురోజే ఇంట్లోవాళ్ళతో కలిసి చూసి వచ్చాడట. ఎట్లా ఉందని అడగడానికి మాకూ కుదరలేదు, ఆయనా కనబడలేదు. హాలు నిండుగా ఉంది. ముందు వరసల్లో రెండు పార్టీల కుర్రకారు. తెరమీద మంత్రి కనబడగానే వీడు మీవాడే అంటే మీవాడే అని ఒకళ్ళనొకళ్ళు ఎగతాళి చేసుకున్నారు. ఊరివాళ్ళు మరికొందరు కథని వదిలేసి, ఏ వీధి ఎక్కడ కనబడిందో వెతుక్కుంటున్నారు. మామ ముఖం తెరమీద పడినప్పుడు మా వరసంతా చేతులు జోడించింది. ఎవరూ చెప్పలేదు. అలవాటు.

కథ ఇది. ఒక మంత్రి. ప్రతి ఎన్నికకూ ముందు సొంత ఊరి భజన మందిరానికి వచ్చి తీర్థం తీసుకుని పోవడం అతని సెంటిమెంటు. ఆ ఏడు ఆలస్యంగా వస్తాడు. మామ వేషం వేసిన ముసలి పాటగాడు అతని చేతిలో తీర్థం పోస్తాడు. మంత్రి తాగి, నాలుగడుగులు వేసి, పడి చచ్చిపోతాడు. ఒక పోలీసు ఆడమనిషి విచారణకు వస్తుంది. మందిరం గడప దగ్గర బూట్లు విప్పి లోపలికి పోయింది. ఆ ఒక్కదానికే మా వదినకు ఆమె నచ్చింది. వదిన అంటే మా పక్కింటి ఆమె, నా కుడిపక్కన కూర్చుని ఉంది.

అనుమానం ఒకరి మీదనుంచి ఒకరి మీదకు పోతుంది. చివరికి తెరమీద మామ చెయ్యి కనిపిస్తుంది. గుప్పిట చెంబు మీదకి వచ్చి, తెరుచుకుని, ఏదో లోపల పడేస్తుంది. వెంటనే మంత్రి దోసిలి. ఆ తరవాత ముసలాయన ఒంటరిగా మందిరంలో నిలబడి మంగళం పాడతాడు. గుమ్మంలో పోలీసులు ఎదురుచూస్తుంటారు. మామ గొంతు. మా మంగళం. ముప్పై ఏళ్ళుగా విన్నది.

పదకొండుమందిమీ లేచాం. చేతులు జోడించి, పాట అయ్యేదాకా నిలబడ్డాం. వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. ఇంటికి పోవాలన్న తొందర కాబోలనుకున్నాను. పాట అయిపోయింది, తెర చీకటైంది. పెదనాయన తువ్వాలు భుజాన వేసుకుని దారి తీశాడు. తలుపు దగ్గర టికెట్లు చూసేవాడు, "ఏమైంది పెద్దాయనా, అందరూ పోతున్నారు?" అని తమిళంలో అడిగాడు.

"మంగళం అయిపోయిందప్పా," అన్నాడు పెదనాయన.

వాడు తలుపు తీసి పట్టుకున్నాడు.

బయట ఎండ మండుతోంది. బస్‌స్టాపు దాకా నడిచాం. అక్కడ వదిన నెమ్మదిగా అంది: "తీర్థంలో విషం కలిపినాడని చూపించినారే. మన మామతోనే చేయించినారే."

"కత కదా," అన్నారెవరో.

"కతేగానీ, చెయ్యి ఆయన చెయ్యే కదా," అంది వదిన.

పెదనాయన నావైపు చూశాడు. "నువ్వేమంటావమ్మా?"

నాకు అప్పటికే నిర్ణయమైపోయింది. ఆ సాయంత్రమే గోష్ఠిలో చెప్పాను. మామ ఎప్పటిలాగే తాళాల పక్కన కూర్చుని ఉన్నాడు. అర్థం చెప్పాల్సిన సమయంలో నేను సినిమా మాట ఎత్తాను. వేషం వేయడం తప్పు కాదన్నాను. కానీ తీర్థం పోసే చేతిని హంతకుడి చేయిగా చూపించడానికి ఆ చేతిని ఇవ్వడం తప్పన్నాను. ఇంకో నెలలో మార్గళి వస్తుంది. తెరమీద ఆ గుప్పిట చూసిన ఆడవాళ్ళు వాకిట్లో అదే చేతినుంచి తీర్థం తీసుకుంటారా అని అడిగాను. ఈ ఏడు వీధి భజనకు తాళాలు ఇంకొకరు పట్టడం మేలన్నాను. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం రాలేదు. ఎవరూ అడ్డం చెప్పలేదు.

మామ ఏదైనా అంటాడని చూశాను. ఆయన తాళాలను గుడ్డలో చుట్టి, స్వామి పటం ముందు పెట్టాడు.

"నువ్వు చెప్పింది న్యాయంగానే ఉండాదిమ్మా," అన్నాడు. "నాకూ అట్లనే తోచింది."

ఆ మాటతో నా తీర్పుకు ముద్ర పడినట్టు అనిపించింది. ఆ వారమే తాళాలు ఒక గవర్నమెంటు ఆఫీసు ఉద్యోగికి ఇచ్చారు. గొంతు బాగానే ఉంటుంది. లయ దగ్గరే, ఫైళ్ళు తొందరగా పంపేవాడిలా రెండు దెబ్బలు మింగేస్తాడు.

తరవాతి రోజుల్లో సినిమా గురించి వచ్చినదంతా చదివాను, విన్నాను. నా తీర్పును బలపరచుకోవడానికి కాదు, ఎదుటివాళ్ళ మాట కూడా విన్నానని చెప్పగలగాలని. తమిళ పేపర్లో, మొదటి సగం నత్తనడక, కారు తరుములాట అనవసరం, చివరి పావుగంట కోసమైనా చూడాలి అని రాశారు. చివరి పావుగంట అంటే మామ మంగళమే అనుకున్నాను. అంత బాగా పాడినవాడు అటువంటి పాత్ర వేయడం మరీ అన్యాయం అనుకున్నాను. వదిన ఫోన్లో ఒకతను కారులో కూర్చుని సమీక్ష చెబుతాడు. సినిమాని, దర్శకుణ్ణి, మంత్రి విగ్గునీ పది నిమిషాలు తూర్పారబట్టి, "ముగింపు మాత్రం చెప్పను, చెబితే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది" అన్నాడు. ఇంకొకామె, ముగింపు గురించి ఎవరితోనూ మాట్లాడొద్దని చూసేవాళ్ళకు దండం పెట్టింది.

"చూస్తివా వదినా, వాళ్ళకే చెప్పడానికి నోరు రావడం లేదు," అన్నాను.

"ఎట్ల వస్తాది," అంది వదిన.

టీవీలో నలుగురు కూర్చుని ఆ మంత్రి ఏ పార్టీవాడో తేల్చడానికి ఒక గంట కొట్లాడుకున్నారు. హంతకుడి మాట ఒక్కరూ ఎత్తలేదు. పాటగాడు చంపాడని అందరికీ తెలిసిందే కనుక ఎత్తలేదని సరిపెట్టుకున్నాను. మనసు ఒక అర్థానికి కట్టుబడితే ప్రతి మాటా ఆ అర్థానికే సాక్ష్యం చెబుతుంది. ఇది నేను ఇతరులకు చాలాసార్లు బోధించిన విషయం.

తేంగాయితిట్టు నుంచి చేపలమ్మే ఒకామె మా వీధికి వస్తుంది. పొద్దున హార్బర్లో వేలంపాటలో చేపలు పట్టుకుని, షేర్ ఆటోలో వచ్చి, వీధులు తిరుగుతుంది. మా ఇంట్లో చేపలు తినం. మా మెట్టు మీద మాత్రం కూర్చుంటుంది, నేను మజ్జిగ ఇస్తాను. ఆమెది తమిళం. ఇక్కడ మా మాటలో రాస్తున్నాను. ఒక రోజు ఆమె మజ్జిగ తాగుతుండగా మామ వీధిలో కూరల సంచితో పోతున్నాడు. ఆమె లోటా పక్కన పెట్టి లేచి నిలబడింది.

"అయ్యా, నిన్ను చూసి హార్బరే ఏడ్చింది అయ్యా," అంది.

మామ తలవంచుకుని పోయాడు.

"ఎందుకు ఏడవడం?" అన్నాను, కొంచెం కటువుగానే.

"పావం కదా అక్కా. చెయ్యని తప్పుకి ఆ ముసలాయన్ని అట్లా ఈడ్చుకుపోతే ఏడుపు రాదా?"

"చెయ్యని తప్పేంది? చంపినాడు కదా."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఎవరు చంపింది? మంత్రి పక్కనుండే ఆ పీఏగాడు కదా చంపింది. గొంతు నొప్పికి చప్పరించే బిళ్ళలో విషం పెట్టి ఇచ్చింది వాడు కదా. నువ్వు సినిమా పడం చూడలా?"

"చూసినా."

"ఏ పడం చూసినావు?"

మంగళం పాడిన తరవాత ఏమవుతుందో చెప్పమన్నాను.

"ఆ పాట తరవాతే కదా అక్కా పడమే," అంది. "దానికి ముందంతా మనల్ని ఏమార్చడమే. నువ్వు పాటకి లేచిపోయినావా?" ఒక్క క్షణం ఆగి, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఆయన సారాయికి లేచిపోతాడు. నువ్వు సామికి లేచిపోయినావు."

ఆ మధ్యాహ్నమే మ్యాట్నీకి ఒక్కదాన్నే పోయాను. హాలు సగం కూడా నిండలేదు. ఆ వారంతో సినిమా వెళ్ళిపోతుందని టికెట్టు దగ్గర అన్నారు. కూర్చున్నాను గానీ చూస్తున్నది సినిమాని కాదు, నన్ను. మంగళం ఎత్తుకోగానే నా కాళ్ళు నన్ను అడగకుండా లేచాయి. కూర్చుందామనుకున్నాను, కుదరలేదు. స్వామి మంగళం తెరమీద పాడినా మంగళమే. వెనకనుంచి "అక్కా, తెర కనబడడం లేదు" అన్నారు. పక్కకు జరిగి, గోడవారగా నిలబడి, చేతులు జోడించి పాటంతా విన్నాను. తెర చీకటైంది. ఈసారి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఒక్క నిమిషం వీపు మీద మా నాయన చూపు ఉన్నట్టే అనిపించింది. తరవాత తెర వెలిగింది.

పోలీసు ఆడమనిషి మందిరంలో కూర్చుని, ఎవరో ఫోన్లో తీసిన వీడియో మొదటినుంచీ చూస్తుంది. ఆ గుప్పిట చెంబులో వేసింది తులసి, పచ్చకర్పూరం. అది వేసింది మంత్రి రావడానికి గంట ముందు, ఊరివాళ్ళ ముందే. మాకు ఇంతకుముందు దాన్ని మంత్రి దోసిలి పక్కన అతికించి చూపించారు. గోష్ఠిలో అందరికీ పోసి, చివర తాను కూడా పుచ్చుకుంటాడు ఆ ముసలాయన. ఆ తరవాతే మంత్రి వస్తాడు. మిగిలిందే అతనికి పోస్తాడు. విషం చెంబులో ఉంటే ముందు పడాల్సింది పోసినవాడే. అక్కడినుంచి ఆమె వెనక్కి లెక్కగట్టుకుంటూ పోయి, కారులో మంత్రికి గొంతు బిళ్ళ ఇచ్చిన పీఏని పట్టుకుంటుంది. చివర్లో ముసలాయన స్టేషన్ మెట్లు దిగి ఎండలోకి నడుస్తాడు. ఆమె వెనకనుంచి చూస్తూ నిలబడుతుంది. హాల్లో ఉన్న కొద్దిమందీ చప్పట్లు కొట్టారు. నా వెనకాయన పెళ్ళాంతో, "పీఏనే అని నేను ఇంటర్వెల్లోనే చెప్పలా," అన్నాడు. "నువ్వు హీరోయిన్ అన్నావు," అందామె.

నేను చాలాసేపు లేవలేదు. తీర్థం పోసినవాడు చివర తానూ పుచ్చుకోవడం మా మందిరం ఆచారం. సినిమావాళ్ళు మామని చూసి నేర్చుకున్నదే అయి ఉంటుంది. ముప్పై ఏళ్ళు కళ్ళముందు చూసినదాన్ని. గుప్పిట చూసిన క్షణంలోనే, ఈయన చివర తాగుతాడే, ఇదెట్లా కుదురుతుంది అని నాకు తట్టి ఉండాలి. తెర మీది పోలీసుకు తట్టింది. నాకు తట్టలేదు.

హాల్లోంచి తిన్నగా మామ ఇంటికి పోయాను. ఆయన వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"కూర్చో మామా. తప్పు చేసినా. చెప్పిపోదామని వచ్చినా."

"నువ్వేం తప్పు చేసినావు?"

"సినిమా అంతా చూడకుండా మాట్లాడినా. మంగళం కాగానే లేచి పోయినాం మేము. ఆ తరవాత పావుగంట కత ఉండాది."

మామ చేతిలో కాయ అట్లాగే ఉంది. "ఇంకా ఉండాదా?" అన్నాడు.

నేను ఆయన ముఖంలోకి చూశాను. "నువ్వు చూడలేదా మామా?"

"చూసినా. మొదటిరోజే పోయినా. మంగళం దాకా చూసినా." చేతిలో కాయ తుంచాడు. "మంగళం తరవాత యాడ కూర్చుంటారు?"

మామ కూడా లేచి వచ్చేశాడు. పెళ్ళాన్ని, కొడుకుని, కోడలిని లేపుకుని వచ్చేశాడు. సినిమా ముక్కలు ముక్కలుగా తీస్తారు. ఆయనకు ఏ ముక్క దేని తరవాత వస్తుందో ఎవరూ చెప్పలేదు. చెంబులో తులసి వేయమంటే వేశాడు. మంత్రికి పోయమంటే పోశాడు. మెట్లు దిగమంటే దిగాడు.

"విడిచిపెడతా ఉండారా, కోర్టుకి తోలుకుపోతా ఉండారా, నాకు చెప్పలా," అన్నాడు. "తెరమీద నా గుప్పిట చూసినాక అర్థమయ్యింది, ఓహో, నాతో ఈ పని చేయించినారా అని. ఇంటికొచ్చి తలకి పోసుకున్నా. తెలీక చేసినా తప్పు తప్పే కదా. నువ్వు గోష్ఠిలో చెప్పినప్పుడు, స్వామే నీ నోట చెప్పిస్తా ఉండాడనుకున్నా."

"మామా," అన్నాను, "చంపింది నువ్వు కాదు. పీఏ."

"పీఏనా?"

"గొంతు బిళ్ళలో పెట్టి ఇచ్చినాడు. నువ్వు ముందు తాగినావు, తరవాతే మంత్రికి పోసినావు. అందుకే నిన్ను విడిచిపెట్టినారు. నువ్వు మెట్లు దిగింది ఇంటికి పోవడానికి."

ఆయన చిక్కుడుకాయలు పళ్ళెంలో పెట్టి, పళ్ళెం పక్కకు జరిపి, రెండు చేతులూ తుండుతో తుడుచుకున్నాడు. లోపలికి తిరిగి భార్యని పిలిచాడు. "ఏమే, ఇట్లా రా. నేను చంపలేదంట."

అత్త గుమ్మంలోకి వచ్చింది. "నేను మొదటినుంచీ చెప్తానే ఉండా కదా, ఈయనకి పాలు కాచడమే చేతకాదు, విషం యాడ కలుపుతాడని," అంది. చెప్పి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తరవాతి శనివారం గోష్ఠిలో లేచి నిలబడ్డాను. సినిమా అప్పటికి ఊళ్ళోంచి వెళ్ళిపోయింది. ఎవరూ మళ్ళీ చూసి తేల్చుకునే వీలు లేదు. అందరూ నా మాట మీదే నమ్మాలి. నేను పొరపాటు అర్థం చెప్పాననీ, కథ పూర్తిగా చూడకుండానే తీర్పు ఇచ్చాననీ, మామని తప్పించడం అన్యాయమనీ చెప్పాను. తాళాలు ఆయనకు తిరిగి ఇవ్వమన్నాను.

పెదనాయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "చూడమ్మా. ఆ రోజు నీ మాట నమ్మి ఒకరి చేతినుంచి తీసినాం. ఈ రోజు నీ మాట నమ్మి ఇంకొకరి చేతినుంచి తీయమంటావు. వారానికొక అర్థం చెప్తే గోష్ఠిలో మాటకి విలువేముంటాది?"

ఆఫీసు ఉద్యోగి తాళాలు ఒళ్ళో పెట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు. మామ గోడకు ఆనుకుని, ఆడవాళ్ళ వరస వెనక కూర్చున్నాడు.

"తప్పు అర్థం చెప్పినవాళ్ళు అదే గోష్ఠిలో, అదే చోట నిలబడి సరైన అర్థం చెప్పాలని మా నాయన నేర్పినాడు పెదనాయనా," అన్నాను. "ఇంట్లో చెవిలో చెప్తే చాలదన్నాడు. అందుకే నిలబడినా. నా మాట నమ్మొద్దు. మీరు కళ్ళారా చూసిందే చెప్పండి. ముప్పై ఏళ్ళుగా మామ చేతినుంచి తీర్థం తీసుకుంటా ఉండాం. అందరికీ పోసినాక ఆయన ఏం చేస్తాడు?"

"చివర తానూ తాగుతాడు," అంది వదిన.

"మందిరంలోనా, వీధిలోనా?"

"యాడైనా."

"తానూ తాగేవాడు దాంట్లో విషం కలుపుతాడా? సినిమాలో కూడా అంతే జరిగింది. ఆ రోజు మనం ఆ గుప్పిట చూసి ఆయన్ని అనుమానించినాం. ఆయన్ని ఎరగని పోలీసామె ఆ చివరి గుక్కని చూసి విడిచిపెట్టింది. నాకు సిగ్గుగా ఉండాది. మీకు ఎట్లుండాదో మీరే చెప్పండి."

పెదనాయన తువ్వాలు మడతపెడుతూ కూర్చున్నాడు. నాకు భయం వేయలేదు. నిజం చెప్పాక భయపడడం నాకు నేర్పలేదు. కానీ మార్గళి పన్నెండు రోజుల్లో ఉందనీ, మామ ఆ నెల ఇంట్లో కూర్చుంటే మళ్ళీ ఎన్నటికీ తాళాలు ముట్టుకోడనీ తెలుసు. అందరి కళ్ళూ పెదనాయన తువ్వాలు మీదే ఉన్నాయి.

"ఆ పీఏగాడు," అన్నాడు చివరికి, "పట్టుబడినాడా?"

"పట్టుబడినాడు పెదనాయనా. సంకెళ్ళేసి తీసుకుపోయినారు."

"ఎందుకు చంపినాడంట?"

"ఆ సీటు వాడికి కావాలనంట."

"అయితే సరి," అన్నాడు పెదనాయన, సినిమా ఇప్పుడు పూర్తయినట్టుగా. ఆఫీసు ఉద్యోగి వైపు తిరిగాడు. "నాయనా, నువ్వు బాగానే పాడతా ఉండావు. కానీ ఈ మార్గళికి నువ్వు ఆయన పక్కన నడువు. రెండు దెబ్బలు యాడ మింగుతా ఉండావో ఆయన చెప్తాడు."

ఆ ఉద్యోగి ముఖం విప్పారింది. నిజం చెప్పాలంటే మాకందరికన్నా ఎక్కువ సంతోషపడింది అతనే. లేచి పోయి, తాళాలు రెండు చేతులతో మామకు అందించాడు.

మామ వెంటనే తీసుకోలేదు. పెదనాయన వైపు చూసి, "తెలీని కతలో తల దూర్చినా. అది నా తప్పే," అన్నాడు. "ఇంకోసారి ఎవరైనా పిలిస్తే, చివర ఏమవుతాదో చెప్పినాకే పోతా."

"ఇంకోసారి పిలుస్తారనే అనుకుంటా ఉండాడు చూడు," అంది అత్త ఆడవాళ్ళ వరసలోంచి. ఆ రోజు మొదటిసారి అందరూ నవ్వారు.

మామ వచ్చి తన చోట కూర్చున్నాడు. తాళాలకు కట్టిన గుడ్డ విప్పి, ఒకసారి కళ్ళకద్దుకుని, పాట ఎత్తుకున్నాడు. ఎప్పటికన్నా అర శ్రుతి ఎక్కువే ఎత్తుకున్నాడు. రెండో చరణానికి మా గొంతులు అందక పగిలిపోయాయి. పెదనాయనకు దగ్గు వచ్చింది. తగ్గించమని మాత్రం ఎవరూ అనలేదు.